వచ్చే శీతాకాలం తప్పకుండా

కలెక్టరాఫీసు రికార్డు గదిలో ఫ్యాను తిరగదు.
కిటికీ తీస్తే సముద్రపు ఉప్పు, మూస్తే చెదల వాసన.
ముప్పయ్యేళ్ళు ఇక్కడే తుమ్ముతూ బతికాను.
నెలాఖరుకి నేనూ ఒక ఫైలవుతాను.

పనికిరానివి ఏరి తగలబెట్టమన్నారు.
భీమిలి తాలూకా శిస్తు బకాయిల మధ్య
నల్ల రిబ్బను చుట్టిన కట్టొకటి తగిలింది.
మంత్రి కొల్లిపర సదాశివయ్యగారి సొంత దస్తూరీ,
వాల్తేరు కలప కాంట్రాక్టరు పీలా సన్యాసిరావు పేరిట.
ఏ జప్తులోనో బీరువాతో పాటు వచ్చుంటుంది.
ప్రభుత్వానికి ఏది వచ్చినా తిరిగి పోదు కదా.

మొదటిది యాభై ఏడు, నవంబరు.
"సన్యాసీ, గురువారం మెయిల్లో బయల్దేరుతున్నా.
స్టేషనుకి దండలు తేకు, జీపు తే.
అనంతగిరి ఘాటీలో చలి ఎముకలు కొరుకుతుందట,
రెండు రగ్గులు చూడు.
మంచె గాలికి ఎదురుగా కట్టించు.
చిరుతకి ముక్కెక్కువ, మా ప్రతిపక్షంలాగే."
కింద వేరే సిరాతో:
"సభ పొడిగించారు. వచ్చే శీతాకాలం తప్పకుండా."

యాభై ఎనిమిదిలో పన్నెండు నంబరు తూటాలు
రెండు పెట్టెలు ముందే పార్సిలొచ్చాయి.
మనిషి రాలేదు.
యాభై తొమ్మిది, ఉప ఎన్నిక.
అరవైలో అమ్మోరు పోసింది (మంత్రులకీ పోస్తుంది,
వేపమండలు వాళ్ళకీ అవే).
అరవై రెండులో చైనా.
"ఇప్పుడు తుపాకీతో ఫొటోలో పడ్డానంటే
ఎటు గురిపెట్టావయ్యా అని అడుగుతారు."
అరవై మూడులో ఉత్తరమే లేదు.
రైల్వే టైంటేబుల్లోంచి చించిన కాగితం,
తుని, అనకాపల్లి, వాల్తేరు
ఎర్ర పెన్సిలుతో మూడు సున్నాలు, అంతే.
చాలాసేపు చూశాను దాన్ని.

సన్యాసిరావు జవాబులు దొరకలేదు.
కానీ ప్రతి ఉత్తరానికీ వెనక
గుండుసూదితో గుచ్చిన చిట్టీ ఉంది:
"మంచె కట్టినందుకు పాంగి దొంబ్రుకి, మూడు రూపాయలు.
ఎర మేక ఒకటి, పద్నాలుగు.
మంచె విప్పినందుకు, ఒకటి."
మేక తిరిగొచ్చినట్టు ఏ చిట్టీలోనూ లేదు.
పదకొండేళ్ళు ఆ కొండమీద ఒక చిరుత
మంత్రిగారి ఖర్చుమీద పండగ చేసుకుంది,
దానికి ఓటు కూడా లేదు పాపం.

చిట్టీ అడుగున వేలిముద్ర.
మొదటి ఏడు గీతలు లెక్కపెట్టొచ్చు,
అడవి దారుల్లా స్పష్టంగా ఉన్నాయి.
ఏడాదికేడాది అరిగిపోతూ వచ్చాయి.
రాని మనిషికి మంచె కట్టి, విప్పి,
కట్టి, విప్పి,
అరవై ఎనిమిది నాటికి అది వట్టి నీలిమచ్చ.

ఆఖరి ఉత్తరం ఆసుపత్రి కాగితం మీద ఉంది.
అక్షరాలు వరస తప్పి నడుస్తున్నాయి.
రైలు లేదు, తేదీ లేదు, రగ్గుల మాట లేదు.
"సన్యాసీ, అది ఇంకా ఉందా?
ఉంటే ఈ ఏడు కూడా మేకని కట్టించు.
నాకోసం చూడకు."

రిజిస్టరు తెరిచాను.
విషయం: ప్రయాణం, వేట.
తీసుకున్న చర్య: ఇక్కడ పెన్ను ఆగింది.
కాంప్లెక్సు నుంచి అరకు బస్సులు పోతూనే ఉంటాయి.
మద్దిలపాలెం దాటి ఘాటీ ఎక్కింది లేదు నేను.
ఎప్పుడూ ఏదో ఒక ఆడిట్.

గడి ఖాళీగానే వదిలేసి రిజిస్టరు మూశాను.
బయట డ్రమ్ములో శిస్తు బకాయిలు బాగానే మండాయి.
కట్టని మాత్రం సంచిలో, కేరేజీ కింద పెట్టి,
గేటు దగ్గర సెంట్రీకి ఎప్పట్లాగే సలాం కొట్టి
బీచిరోడ్డు మీద గబగబా నడిచాను.
గుండె అంతగా కొట్టుకోవడం అదే మొదలు.
ముప్పయ్యేళ్ళ సర్వీసులో
నేను కొట్టుకొచ్చిన వేట ఇదొక్కటే.